నిదానంగా నడిచే గంట కోసం వేగవంతమైన బండి

వేగవంతమైన లగ్జరీ ఎస్‌యూవీ రోజువారీ వాడకానికి పనికొస్తుందా అని ఈ మధ్య నన్ను చాలామంది అడుగుతున్నారు. పనికొస్తుంది. కాని బండిని ఎంచుకొనేటప్పుడు మనం అలవాటుగా చూసే లెక్కలను తలకిందులు చేసుకుంటేనే పనికొస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని ఎన్ని సెకన్లలో అందుకుంటుందన్నది ఇలాంటి బండి ప్రకటనలో మొట్టమొదట కనిపించే అంకె. ఇల్లూ ఆఫీసూ మధ్య రోజూ తిరిగేవాడు చిట్టచివర చూడవలసిన అంకె కూడా అదే. సాయంత్రం ఆరున్నరకి హైదరాబాద్‌లో బయోడైవర్సిటీ జంక్షన్ నుంచి గచ్చిబౌలి వైపు బంపరుకి బంపరు ఆనించుకొని కదిలే గంటలో ఆ బండి మనల్ని ఎంత అలసిపోనిస్తుంది, ఎంత విసిగిస్తుంది అన్న దాన్ని బట్టే ఎంపిక జరగాలని నా వాదన. విచిత్రం ఏమిటంటే, ఆ పరీక్షలో కొన్ని వేగవంతమైన బళ్ళు వాటి మామూలు వేరియంట్ల కంటే బాగా నెగ్గుతాయి, మరికొన్ని ఘోరంగా ఓడిపోతాయి. ఆ తేడా ఎక్కడ పుడుతుందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నేనుండేది పుప్పాలగూడలో, ఆఫీసు నానక్‌రామ్‌గూడలో. దూరం తక్కువే. పట్టే సమయం మాత్రం వానను బట్టీ, వారాన్ని బట్టీ, ఏ రోడ్డు తవ్వారన్నదాన్ని బట్టీ మారుతుంది. అమ్మానాన్నలు నరసరావుపేటలో ఉంటారు కనుక పండగలకీ, ఆసుపత్రి పనులకీ అటు వెళ్ళి రావడం తప్పదు. ఈ రెండు రకాల ప్రయాణాలనూ ఒక్క బండే చెయ్యాలి, ఎందుకంటే మా అపార్ట్‌మెంటులో ఫ్లాటుకి ఒక్క పార్కింగే ఇచ్చారు. చివరికి నేను తీసుకొన్నది సెకండ్ హ్యాండ్‌లో బీఎండబ్ల్యూ ఎక్స్3 ఎం40ఐ. 2023 మే నెలలో ఇది మన దేశంలోకి వచ్చినప్పుడు ఎక్స్-షోరూం ధర 86 లక్షల 50 వేలు, లైఫ్ ట్యాక్సూ ఇన్సూరెన్సూ కలుపుకొంటే కోటి దాటేది. 2025 జనవరిలో కొత్త తరం ఎక్స్3 వచ్చేసరికి ఇది పాతదైపోయింది, నాలాంటివాడి అందుబాటులోకి దిగింది. బానెట్ కింద 2,998 సీసీల ఆరు సిలిండర్ల టర్బో (గాలిని ఒత్తిడితో లోపలికి తోసే) పెట్రోల్ ఇంజను ఉంది. 360 హార్స్‌పవర్, 500 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం), కంపెనీ లెక్కలో 100 అందుకోవడానికి 4.9 సెకన్లు. పోర్షా మకాన్‌నీ, మెర్సిడెస్-ఏఎంజీ జీఎల్‌సీ 43 కూపేనీ కూడా నడిపి చూశాకే దీనికి కట్టుబడ్డాను.

ముందుగా వేగం సంగతి తేల్చుకుందాం. కేంద్ర ప్రభుత్వం 2018లో ప్రకటించిన గరిష్ఠ పరిమితుల ప్రకారం కార్లకు ఎక్స్‌ప్రెస్‌వేల మీద 120, మధ్యలో డివైడరున్న నాలుగు వరసల రహదారుల మీద 100, నగరాల లోపలా మిగతా రోడ్ల మీదా 70 కిలోమీటర్లు. రాష్ట్రాలు వీటిని ఇంకా తగ్గించుకోవచ్చు, చాలాచోట్ల తగ్గించాయి కూడా. 158 కిలోమీటర్ల మన ఔటర్ రింగ్ రోడ్డు మీద 2023లో 100 నుంచి 120కి పెంచారు, అదీ కుడివైపు రెండు వరసలకే. 120 అన్నది ఈ రోజుల్లో పది లక్షల కారు కూడా ఆయాసపడకుండా అందుకునే వేగం. కాబట్టి చట్టాన్ని లెక్కచేసి నడిపేవాడికి 360 హార్స్‌పవర్‌లో సగానికి పైగా ఊరికే పడి ఉంటుంది.

దీనికి ఎప్పుడూ వచ్చే జవాబు ఒకటుంది: ఓవర్‌టేక్ చేసేటప్పుడు ప్రాణాలు కాపాడేది ఆ పవరే అంటారు. ఆ మాటను కాగితం మీద పెట్టి చూద్దాం. రెండు వరసల రోడ్డు మీద 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న లారీని దాటాలి. దాని వెనక 20 మీటర్లు, లారీ పొడవు 10 మీటర్లు, దాటాక ముందు వదలవలసిన ఖాళీ 20 మీటర్లు, మొత్తం 50 మీటర్లు ఎక్కువగా పోవాలి. వేగం 100 దాటనివ్వకూడదని పెట్టుకుందాం, నిజానికి చట్టం అక్కడ అంత కూడా ఒప్పుకోదు. మామూలు పికప్ ఉన్న ఎస్‌యూవీ తన వేగాన్ని ప్రతి సెకనుకూ గంటకు 7.2 కిలోమీటర్ల చొప్పున పెంచుకోగలదనుకుంటే ఈ పని 7.3 సెకన్లలో అవుతుంది. నా బండిలాంటిది దానికి రెట్టింపు చొప్పున పెంచుకున్నా 5.9 సెకన్లు పడుతుంది. ఎదురుగా 72 కిలోమీటర్ల వేగంతో బస్సు వస్తోందనుకుంటే మొదటి బండికి సుమారు 320 మీటర్లు, రెండోదానికి సుమారు 270 మీటర్లు ఖాళీ రోడ్డు కనిపించాలి. తేడా 50 మీటర్లు. నిర్లక్ష్యం చేయదగ్గ దూరం కాదు, ఒప్పుకుంటాను. కాని లారీ వెనక ఇంకొక్క నిమిషం ఓపిక పడితే పైసా ఖర్చు లేకుండా అంతకు పదింతల ఖాళీ దొరుకుతుంది. పైగా, ఆ పవర్ ఉందన్న ధైర్యంతో 270 మీటర్లు చాలని లెక్కవేసుకునేవాడు 260 దగ్గర కూడా స్టీరింగ్ తిప్పుతాడు. పవర్ వల్ల వచ్చే భద్రతను మనిషి స్వభావం అలా తినేస్తుంది. అందులోనూ ఈ బళ్ళ బరువు రెండు టన్నులకు అటూ ఇటూ ఉంటుంది. 100 మీద ఉన్నప్పటికంటే 120 మీద ఉన్నప్పుడు బ్రేకులు మింగవలసిన శక్తి 44 శాతం ఎక్కువ. ఆ 20 కిలోమీటర్ల తేడా స్పీడోమీటర్ మీద ఉన్నంత చిన్నది కాదు.

మరి అంత డబ్బు పోసి ఆరు సిలిండర్ల బండే ఎందుకు కొనాలి? వేగంగా పోవడానికి తయారు చేసిన బండిలో వేగంగా పోవడానికి అవసరమైన మిగతా సామాను కూడా వస్తుంది గనుక. ఒకే వరసలో పేర్చిన ఆరు సిలిండర్ల ఇంజనులో పిస్టన్ల కదలికల వల్ల పుట్టే అదురు ఒకదాన్నొకటి దాదాపు పూర్తిగా రద్దు చేసుకుంటుంది. నాలుగు సిలిండర్ల ఇంజనుకి ఆ సుగుణం పుట్టుకతో రాదు, తిరిగే బరువులు అదనంగా బిగించి తెచ్చుకోవాలి. సిగ్నల్ దగ్గర నిలబడి స్టీరింగ్ మీద వేళ్ళు ఆనించి చూడండి, తేడా అక్కడే తెలుస్తుంది. 500 న్యూటన్ మీటర్ల టార్క్ రెండు వేల ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) కూడా చేరకముందే అందుతుంది కాబట్టి ట్రాఫిక్‌లో యాక్సిలరేటర్ మీద పాదం బరువు మోపితే చాలు, నొక్కనక్కర్లేదు. నాలుగు సిలిండర్ల చిన్న టర్బో ఇంజను, ముందున్న బండి కదిలినప్పుడు క్షణకాలం ఆలోచించి, తర్వాత ఒక్కసారిగా దూకుతుంది. ఆ సందులోకి ఆటో దూరుతుంది, మనం బ్రేకు వేస్తాం, మళ్ళీ మొదటికొస్తుంది. గంటసేపు ఇదే సాగితే కుడికాలి పిక్క పట్టేస్తుంది. ఈ ఇంజనుకి జతగా 48 వోల్టుల వ్యవస్థ (సాయపడే చిన్న కరెంటు మోటారు, బ్యాటరీ) ఉండటంతో సిగ్నల్ దగ్గర ఆగి మళ్ళీ స్టార్టయ్యే తంతు కూడా పక్కన నిద్రపోతున్న పిల్ల కదలనంత మెత్తగా జరిగిపోతుంది. స్టార్ట్-స్టాప్ బటన్‌ను ఎక్కగానే ఆఫ్ చేసే అలవాటు నాకు ఈ బండిలోనే పోయింది.

అన్నిటికంటే ఎక్కువగా మాట్లాడుకోవలసింది, షోరూంలో ఎవరూ నోరెత్తనిదీ గేర్‌బాక్స్ గురించి. ఎం40ఐలో ఉన్నది జెడ్‌ఎఫ్ కంపెనీ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్, ఇంజనుకీ గేర్లకీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. అంటే బండి బయలుదేరేటప్పుడు ఇంజను బలం నూనె ద్వారా గేర్లకు అందుతుంది. రెండు పళ్ళేలు రాసుకొని పట్టుకోవడమంటూ ఉండదు. బ్రేకు మీద నుంచి పాదం తీస్తే బండి తనంతట తాను నడక వేగంతో పాకుతుంది, ఎంతసేపు పాకినా దానికి అలుపు లేదు. పెట్రోల్ మకాన్‌లో ఉన్నది ఏడు గేర్ల పీడీకే, అంటే రెండు క్లచ్చుల గేర్‌బాక్స్. ఆ రకంలో అంతకంటే నేర్పైనది దొరకడం కష్టం, ఖాళీ రోడ్డు మీద దాని గేరు మార్పిడి చూస్తే ముచ్చటేస్తుంది. కాని నడక వేగంలో అది చేస్తున్నది అచ్చంగా హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టడమే. కదలాలా వద్దా అన్న సందేహం చిన్న కుదుపుగా నడుము దాకా వస్తుంది. కొత్త తరం జీఎల్‌సీ 43లో కన్వర్టర్ ఉండవలసిన చోట నూనెలో తడిసే క్లచ్ పెట్టారు. పైగా ఇంజను రెండు లీటర్ల నాలుగు సిలిండర్లది, దాన్నే 421 హార్స్‌పవర్ దాకా సాగదీశారు. టర్బోకి కరెంటు మోటారు బిగించి జాప్యాన్ని చాలావరకు తగ్గించారు, అందులో ఇంజనీర్ల తెలివి మెచ్చుకోదగ్గదే. అయినా పాతికసార్లు ఆగి కదిలాక ఆ బండి నా ఓర్పును పరీక్షించింది.

ఇక్కడ పోర్షా కంపెనీ చేసిన పనే నా వాదనకు సాక్ష్యం. 911 స్పోర్ట్స్ కారు నుంచి మకాన్ దాకా పీడీకేని ఊరేగించిన అదే కంపెనీ, తన పెద్ద ఎస్‌యూవీ కయెన్‌కి వచ్చేసరికి టార్క్ కన్వర్టర్ ఉన్న ఎనిమిది గేర్ల టిప్‌ట్రానిక్‌నే వాడుతోంది. కయెన్ మూడున్నర టన్నుల ట్రైలర్‌ను లాగాలి, మట్టిదిబ్బలు ఎక్కాలి. బరువును నిదానంగా, మాటిమాటికీ కదిలించవలసిన చోట రాసుకొనే క్లచ్ కంటే నూనె మేలని వాళ్ళకు తెలుసు. మన ఖాజాగూడ చెరువు పక్క రోడ్డు మీద సాయంత్రం పూట కారు చేసే పని కూడా దాదాపు అదే, ట్రైలర్ ఒక్కటే తక్కువ.

అందుకే టెస్ట్ డ్రైవ్ ఎప్పుడన్నది ఎక్కడ కంటే ముఖ్యం. నాకు బండి చూపించిన కుర్రాడు ఆదివారం ఉదయం ఏడింటికి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి రమ్మన్నాడు, ‘సర్, అక్కడైతే పికప్ బాగా తెలుస్తుంది’ అని. పికప్ తెలుసుకోవడానికి అరనిమిషం చాలు. పని రోజున ఆఫీసులు వదిలే వేళ ఇమ్మంటే కొంచెం నసిగాడు, పై అధికారిని అడిగి చివరికి ఇచ్చాడు. వెనక సీట్లో ఇంటివాళ్ళను కూర్చోబెట్టి, ఫోన్లు చూసుకోమని చెప్పి నడపండి. పది నిమిషాలకు వాళ్ళు తలెత్తి అద్దం కిందికి దించితే ఆ బండి వద్దు.

రెండో పెద్ద విషయం చక్రాలు. వేగవంతమైన వేరియంట్లు రోజువారీ వాడకంలో ఓడిపోయేది ఎక్కువగా ఇక్కడే, అదీ ఇంజను తప్పేమీ లేకుండా. టైరు మీద రాసి ఉండే అంకెల్లో రెండోది రబ్బరు గోడ ఎత్తును వెడల్పులో శాతంగా చెబుతుంది. మామూలు ఎక్స్3కి వచ్చే 225/60, 18 అంగుళాల టైరుకి ఆ గోడ 135 మిల్లీమీటర్లు. ఎం40ఐకి 20 అంగుళాల చక్రాలు పెడితే ముందు 245/45, వెనక 275/40, రెండింటికీ 110 మిల్లీమీటర్లు. ఫొటోల్లో అందంగా కనిపించే 21 అంగుళాల చక్రాలకు వెళితే ముందు 98, వెనక 96. గుంతకీ రిమ్ముకీ మధ్య ఉన్నది అంతే. మూత చుట్టూ తారు కుంగి, మూత మాత్రం పైకి నిలిచిన మ్యాన్‌హోళ్ళూ, వానాకాలం సగంలో నీళ్ళు నిండి లోతు తెలియకుండా ఉండే గుంతలూ ఉన్న ఊళ్ళో 96 మిల్లీమీటర్లతో తిరగడం సాహసమే. 21 అంగుళాలవి ఉన్న ఒక బండిని సెకండ్ హ్యాండ్‌లో చూడటానికి వెళ్ళాను. ఎడమ ముందు టైరు పక్కగోడ మీద నిమ్మకాయంత ఉబ్బు ఉంది, లోపలి దారాలు తెగినప్పుడు వచ్చేది. అమ్మే పెద్దమనిషి ‘గాలి ఎక్కువైంది, అంతే’ అన్నాడు. గాలి ఎక్కువైతే టైరు ఒకచోట మాత్రమే ఉబ్బదు.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. ముందూ వెనకా టైర్ల వెడల్పు వేరు కావడంతో వాటిని అటూ ఇటూ మార్చి అరుగుదల సమానం చేసుకొనే వీలు లేదు. నాలుగు చక్రాలకూ బలం అందే వ్యవస్థ కాబట్టి ఒక్క టైరు మాత్రం కొత్తది వేయించి మూడింటిని సగం అరిగినవి ఉంచడమూ మంచిది కాదు. ఒక్క గుంత రెండు టైర్ల ఖర్చు అవుతుంది. రన్-ఫ్లాట్ టైర్లుంటే గాలి పోయినా కొంత దూరం పోవచ్చు, కాని వాటి గోడ బిరుసుగా ఉండటంతో చిన్న గతుకు కూడా పెద్దదిగా తెలుస్తుంది. పూర్తి సైజు స్టెప్నీ ఈ తరగతిలో అరుదు. మన దగ్గర అమ్మే కొన్ని జర్మన్ బళ్ళలో సన్నటి తాత్కాలిక చక్రాన్ని డిక్కీలోనే పైకి కనిపించేలా పడుకోబెట్టి ఇస్తారు, దాంతో బ్రోచర్‌లో రాసిన 550 లీటర్ల డిక్కీలో బియ్యం మూటకి కూడా చోటు వెతుక్కోవలసి వస్తుంది. నా సలహా స్పష్టం: ఆ వేరియంట్‌కి కంపెనీ ఒప్పుకొనే అన్నిటికంటే చిన్న చక్రాన్ని ఎంచుకోండి, ఎలక్ట్రానిక్ డ్యాంపర్లు (బిరుసు మార్చుకోగల షాక్ అబ్జార్బర్లు) ఉన్నదాన్ని తీసుకోండి, కంఫర్ట్ మోడ్‌లో పెట్టి ఆ బటన్‌ను మరచిపోండి. స్పోర్ట్ ప్లస్ మోడ్ మన కాలనీల స్పీడ్ బ్రేకర్లను చూడనివాళ్ళు తయారు చేసింది.

సైజు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, టేపు చెబుతుంది. మా స్టిల్టులో, అంటే అపార్ట్‌మెంటు కింది పార్కింగులో, రెండు పిల్లర్ల మధ్య ఖాళీ 2.6 మీటర్లు. ఎక్స్3 వెడల్పు అద్దాలు కాకుండా 1.89 మీటర్లు, ఎక్స్5ది 2 మీటర్ల పైచిలుకు. ఆ పదకొండు సెంటీమీటర్లే అమ్మ తలుపు తెరిచి దిగగలదా, లేక బండి బయటే ఆపి దింపి తర్వాత లోపల పెట్టాలా అన్నది నిర్ణయిస్తాయి. అమ్మకు మోకాళ్ళ నొప్పి. సెడాన్‌లోకి ఆవిడ కూలబడాలి, పెద్ద ఎస్‌యూవీలోకి పైనున్న పిడి పట్టుకొని ఎక్కాలి, ఈ ఎత్తులో మాత్రం కుర్చీలో కూర్చున్నట్టు పక్కకు తిరిగి కూర్చుంటుంది. ఎస్‌యూవీ అనే ఆకారానికి నాకు తెలిసిన నిజమైన సమర్థన ఇదొక్కటే. మిగతా సమర్థనలన్నీ నేలకు బండికి మధ్య ఎత్తు దగ్గర ఆగిపోతాయి, ఆ ఎత్తు ఇప్పుడు మన సబ్-కాంపాక్ట్ కార్లకూ ఉంది.

ఇక నరసరావుపేటలో అడుగు పెట్టగానే బాబాయి అడిగే ప్రశ్నకు వద్దాం. “ఏరా, లీటరుకి ఎంతిస్తుంది?” ఊళ్ళో ఏడు, రోడ్డు మీద పదకొండు పన్నెండు అని చెప్పాను. బాబాయి బండి చుట్టూ ఒకసారి తిరిగి, “మా ట్రాక్టరు నయం” అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన అసహనంలో న్యాయముంది. 2025లోనే హైదరాబాద్‌లో పెట్రోలు లీటరు 107 రూపాయలు దాటి ఉంది, ఏడు చొప్పున చూస్తే కిలోమీటరుకి 15 రూపాయలు పైనే. ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్ ఊళ్ళో 15 ఇచ్చిందనుకున్నా ఖర్చు అందులో సగానికి తక్కువే. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులే కాబట్టి మైలేజీ అక్కడా కొంత కరుగుతుంది. పాత తరం దిగుమతి బండి కొనేవాళ్ళు, ఆ ఇంధనం దానికి సరిపడుతుందని కంపెనీ రాతపూర్వకంగా చెప్పిందో లేదో కొనకముందే చూసుకోవాలి. 65 లీటర్ల ట్యాంకు ఊళ్ళో 450 కిలోమీటర్లకు ఖాళీ అవుతుంది, అంటే బంకు దగ్గర మనం తరచుగా కనిపించే మనిషి అవుతాం. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే నాకు ఇది భరించగలిగిన ఖర్చు. రోజూ ఘట్‌కేసర్ నుంచి కొండాపూర్ వచ్చిపోయేవాళ్ళకు నేను ఈ బండి చెప్పను, వాళ్ళ ట్రాఫిక్ నాకంటే ఎక్కువైనా సరే.

ఇన్సూరెన్సులో మాత్రం పొదుపు చేయవద్దు. జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల తరుగు కోసుకోకుండా చెల్లించే సదుపాయం) లేని పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగమే చెల్లిస్తారు. ఈ బళ్ళ బంపర్లు సెన్సార్లతో నిండి ఉంటాయి, ఆటో తగిలిన చిన్న దెబ్బ కూడా చిన్న బిల్లు కాదు. నీళ్ళలో ఇంజను పాడైతే వర్తించే ఇంజన్ ప్రొటెక్ట్ కూడా కలుపుకోండి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌ను, 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన వానలను చూశాక స్టిల్టులో బండి పెట్టుకొనేవాళ్ళకు దీని గురించి వేరే చెప్పాలా.

ఇంత చెప్పాక, నిదానమైన గంటే కొలబద్ద అయితే ఎలక్ట్రిక్ బండి ఎందుకు కొనలేదని అడగవచ్చు. నా వాదనకు ఎదురుగా నిలబడగల ప్రశ్న ఇదొక్కటే, దీనికి నా దగ్గర ఉన్న జవాబు పూర్తిగా నెగ్గేది కూడా కాదు. అదురు లేదు, గేర్లు లేవు, నడక వేగంలో కుదుపు లేదు, ట్రాఫిక్‌లో ఖర్చు పెరగడం లేదు. 2025లో అమ్మకాలు మొదలైన మహీంద్రా ఎక్స్‌ఈవీ 9ఈ పెద్ద బ్యాటరీ వేరియంట్ 286 హార్స్‌పవర్ ఇస్తుంది, 6.8 సెకన్లలో 100 చేరుతుందని కంపెనీ అంటుంది. విడుదలప్పుడు దాని పై వేరియంట్ ధర ముప్పై లక్షల చిల్లర, అంటే నేను చెబుతున్న తరగతిలో మూడో వంతు. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద పెట్రోల్ ఎస్‌యూవీల మీద జీఎస్టీ 40 శాతం, ఎలక్ట్రిక్ బళ్ళ మీద 5 శాతమే. తెలంగాణలో 2026 డిసెంబరు ఆఖరు దాకా వాటికి రోడ్డు ట్యాక్సూ రిజిస్ట్రేషన్ ఫీజూ కూడా లేవు. ఊళ్ళో మాత్రమే తిరిగేవాళ్ళు, ఇంట్లో ఛార్జర్ పెట్టుకొనే వీలున్నవాళ్ళు ఇక్కడితో చదవడం ఆపి వెళ్ళి అది నడిపి చూడవచ్చు.

నా దగ్గర ఆ వీలు లేదు. స్టిల్టులో ఛార్జర్‌కి విడిగా మీటరు లాగడం గురించి మా అసోసియేషన్‌లో చర్చ మొదలై ఎక్కడో ఆగింది, అగ్ని ప్రమాదం అని ఒకరు, లోడు చాలదని ఒకరు, ఆ డబ్బు ఎవరు పెట్టుకోవాలని అందరూ. రెండోది, మా ఊరి దారి. పంతంగి టోల్‌గేటు దాటి, నార్కట్‌పల్లి దగ్గర అద్దంకి రోడ్డు ఎక్కి, మిర్యాలగూడ, వాడపల్లి మీదుగా కృష్ణ దాటితే ఆపైన దాచేపల్లి, పిడుగురాళ్ళ, సిమెంటు లారీలూ సున్నపు దుమ్మూ. మామూలు రోజున ఛార్జింగ్‌కి ఇబ్బంది ఉండకపోవచ్చు. సంక్రాంతి ముందు రోజున నగరం సగం ఆ దారినే పడుతుంది, ఆ రోజు ఒక ఛార్జర్ ముందు నాలుగో బండిగా నిలబడే ఉద్దేశం నాకు లేదు. నాన్నకు బాగా లేదని అర్ధరాత్రి ఫోను వస్తే బ్యాటరీలో ఎంత ఉందని చూసుకొనే ఉద్దేశం అంతకంటే లేదు. ఈ రెండు అడ్డంకులూ బండివి కావు, మా అపార్ట్‌మెంటువీ మా రోడ్డువీ. అవి తీరిన రోజున ఆరు సిలిండర్ల బండికి నేను చెప్పిన సుగుణాల్లో నిదానమైన గంటకు సంబంధించినవన్నీ ఎలక్ట్రిక్ బండికే ఎక్కువగా ఉంటాయి. మిగిలేది ఇంజను శబ్దం మీద మోజు ఒక్కటే, దాన్ని ఆచరణీయత అని పిలిచి నన్ను నేను మోసం చేసుకోలేను.

ఇదంతా చదివి ఇప్పటికీ పెట్రోల్ బండే కావాలనుకొనేవాళ్ళు కొత్తది కాకుండా మూడు నాలుగేళ్ళ వయసున్నదాన్ని చూడటం మేలు. ఇన్సూరెన్స్ లెక్కలోనే మూడో ఏడు నిండేసరికి బండి విలువలో 30 శాతం, నాలుగో ఏడు నిండేసరికి 40 శాతం తరుగు చూపిస్తారు. ఈ తరగతిలో బజారు తరుగు తరచుగా అంతకంటే కటువు. చూడటానికి వెళ్ళినప్పుడు పెయింటు మీద మెరుపు వదిలేసి కింద కూర్చోండి. రిమ్ము బయటి అంచును పాలిష్ చేయిస్తారు, లోపలి అంచును ఎవరూ పట్టించుకోరు. చేతిని చక్రం వెనక్కి పోనిచ్చి ఆ అంచు వెంట వేలు నడపండి, గుంతలో పడిన చోట వంపు వేలికి తెలుస్తుంది. టైరు పక్కగోడ మీద అండాకారపు గీత లోపల నాలుగంకెలుంటాయి. 2322 అని ఉంటే 2022లో 23వ వారంలో తయారైందని అర్థం. నాలుగు టైర్ల మీదా నాలుగు వేర్వేరు తేదీలుంటే ఆ బండి ఎన్ని గుంతలను చూసిందో అమ్మేవాడు చెప్పకపోయినా తెలుస్తుంది. బ్రేకు డిస్కు అంచున గోటికి తగిలేంత గట్టు లేచి ఉంటే డిస్కులు మార్చే వేళ దగ్గరపడింది. డిస్కులు, ప్యాడ్లు, నాలుగు టైర్లు కలిపి ఎంతవుతుందో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ముందే కొటేషన్ రాయించుకొని జేబులో పెట్టుకు వెళ్ళండి. బేరం మొదలయ్యేది అమ్మేవాడు చెప్పిన ధర నుంచి ఆ అంకె తీసేశాకే.